మంచిగుంటే రారట

నాలుగేళ్లలో మొదటిసారి సిద్ధయ్య కాక దగ్గర తప్పు దొరికింది. దొరికిందంటే నేనేదో వెతికి పట్టుకున్నానని కాదు. నేను ఎప్పుడూ స్కూటీ ఆపే జాగాలో, వాకిట్లో కట్టిన దండెం మీద, యూరియా సంచి ఆరేసి ఉంది. దాచుకోవలసినదాన్ని ఎవరైనా వచ్చేవాళ్ల కళ్లెదురుగా ఆరేస్తారా? ఆ రోజు నాకా ఆలోచన తట్టలేదు. కోపం మాత్రం తన్నుకొచ్చింది.

నా ఉద్యోగం అలాంటిది మరి. మందులు కొట్టకుండా, బస్తా ఎరువులు వేయకుండా పండిస్తున్నామని చెప్పే రైతుల చేన్లకు వెళ్లి, ఆ మాట నిజమో కాదో చూసి, ప్రభుత్వం పెట్టిన సేంద్రియ ప్రమాణాల ప్రకారం రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టు మీద మా ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ ఉంటేనే హైదరాబాదులో కందిపప్పు ప్యాకెట్టు మీద ముద్ర పడుతుంది. ఊళ్లలో జనం నన్ను పెద్ద ఆఫీసరనుకుని కుర్చీ వేస్తారు. నేనేమో ఏడాదికోసారి రెన్యువల్ కోసం దిక్కులు చూసే కాంట్రాక్టు మనిషిని. పేరు సింధూజ. సొంతూరు హుస్నాబాద్. సిద్దిపేటలో పాత బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. ఆ గదిలో నాతో మాట్లాడేది ఇంటామె ఒక్కతే, అది కూడా నీళ్ల మోటరు బందు చేశానా లేదా అని.

యూరియా సంచి గురించి చెప్పాలి. మా జిల్లాలో అది లేని ఇల్లు ఉంటే చూపించండి. వానకు నెత్తిన కప్పుకునేది అదే, స్నానం చేసే చోట పరదా అదే, గొడ్ల కొట్టంలో చలిగాలికి అడ్డం కట్టేది అదే. విత్తనాలు పోసుకోవడానికైతే అంతకంటే గట్టి సంచి లేదంటారు. ప్రమాణాలేమో ఒక్కటే మాట చెబుతాయి. ఎరువు ఉన్న సంచిని ఎన్నిసార్లు ఉతికినా సరే, సేంద్రియ గింజ దాన్ని తాకకూడదు. నా సర్వీసులో సగం కొట్లాటలు సంచుల మీదే. మందు కొట్టారా అని అడిగితే నవ్వే ఆడవాళ్లు, సంచి తీసెయ్యమంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తారు.

సిద్ధయ్య కాక అలా కాదు. మొదటి ఏడాది నేను నియమం చెప్పగానే ఇంట్లో ఉన్న సంచులన్నీ తెచ్చి పాత సామాన్ల బండికి వేసేశాడు. మరి ఈ సంచి ఎక్కడినుంచి వచ్చింది?

"ఏంది కాకా ఇది?" అన్నాను బండి దిగకుండానే.

"సంచి," అన్నాడు.

"సంచని నాకు తెల్వదా? ఎందుకుంది గీడ?"

"పెసలు పోద్దామని."

"వాడొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పిన?"

"చెప్పినవ్ మేడం. రాస్కో మరి," అన్నాడు. అనడం కూడా ఎంతో నిమ్మళంగా అన్నాడు. బాధ లేదు, బతిమాలడం లేదు. తప్పు దొరికితే రైతులు నా కాళ్లావేళ్లా పడతారు, లేదా మా నాయకుడెవరో తెలుసా అంటారు. ఈయన దండెం మీది సంచి తీసి, యూరియా అన్న పేరు సరిగ్గా కనబడేలా నా ముందు పరిచాడు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆయన పేరు నేను ఒక మంచి లిస్టులో పెట్టి ఉన్నాను.

ఆ లిస్టు సంగతి ఇది. యాసంగి పంట కాలంలో మా ఆఫీసు ఒక సర్క్యులర్ తీసింది. మూడేళ్లు వరసగా ఒక్క తప్పూ లేని రైతుల చేన్లకు ఇక ఏటా తనిఖీ అక్కరలేదు. మూడేళ్లకోసారి వెళితే చాలు. మధ్యలో వ్యవసాయ విస్తరణ అధికారి నాలుగు ఫొటోలు తీసి పంపితే సరిపోతుంది. నా పరిధిలో అందరికంటే ముందు రాసిన పేరు సిద్ధయ్య కాకదే. ఉగాది తర్వాత వెళ్లినప్పుడు ఆ ముచ్చట చెప్పాను కూడా, మిఠాయి తెచ్చినంత సంబరంగా.

"ఇంక నీకు మా బాధ లేదు కాకా. వానకాలం ఒక్కసారి వస్తే అయిపాయె. మల్ల మూడేండ్లదాక రాం."

ఆయన ఆవుకు వేయబోతున్న సొప్ప కట్ట కింద పెట్టి, "రారా?" అన్నాడు.

"నువ్వు మంచిగున్నవని గవర్నమెంటే ఒప్పుకున్నట్టు."

"మంచిగుంటే రారు," అని తనలో తను అనుకున్నట్టు అని, ఆవు దగ్గరికి వెళ్లిపోయాడు. సంతోషం పట్టలేక అలా అయ్యాడనుకున్నాను. నా తెలివి అంత.

సిద్ధయ్య కాకది చిన్నకోడూరు దాటాక ఒక చిన్న ఊరు. ఊళ్లో ఇల్లు కాదు, చేను దగ్గరే రెండు అర్రల రేకుల ఇల్లు. రెండున్నర ఎకరాలు, ఒక ఆవు, ఒక దూడ. పిల్లలు కలగలేదు. ఒకప్పుడు పత్తి వేసేవాడు. ఎండలో మందు కొడుతూ కొడుతూ చేనులోనే పడిపోతే, సిద్దిపేట దవాఖానలో పెట్టారట. ఇంటికి తెచ్చాక భార్య బుచ్చవ్వ, ఆ పంపు మళ్లీ ఇంట్లో కనబడితే తను పుట్టింటికి వెళ్లిపోతానంది. ఆయన పంపు అమ్మేసి పత్తి మానేశాడు. కంది, జొన్న, పెసలు, ఒక మడి వరి. సేంద్రియమనే మాట వాళ్లిద్దరికీ తర్వాత తెలిసింది. బుచ్చవ్వ నిరుడు చలికాలం ముందు పోయింది.

ఈ ప్రమాణాల్లో మనుషుల మధ్య నిప్పు పెట్టే నియమం ఒకటి ఉంది. పక్క చేనులో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చి మన పంట మీద పడినా, లెక్కలోకి వచ్చేది మన పంటే. అందుకని గట్టు వెంట కొంత జాగా వదిలిపెట్టాలి. గాలి ఇటు ఉన్నప్పుడు మందు కొట్టొద్దని పక్కవాళ్లకు చెప్పుకోవాలి. చెప్పుకోవడంలోనే ఉంది అసలు కష్టం. సిద్ధయ్య కాక ఏ పని చేసినా పూర్తిగా చేస్తాడు, మెత్తగా చెప్పడం మాత్రం ఆయన వల్ల కాదు. పక్క చేను చిన్నాయన కొడుకు పోచయ్యది. పోచయ్య వరికి డ్రోనుతో మందు కొట్టిస్తుంటే ఈయన మట్టిపెడ్డ తీసుకుని డ్రోను మీదికి విసిరాడు. పెడ్డ తగల్లేదు. నోటికొచ్చినట్టు అన్న మాటలు తగిలాయి.

బుచ్చవ్వ ఉన్నన్నాళ్లు ఏదో ఒకటి చేసి సర్దేది. ఈయన పొద్దున అరిచివస్తే, ఆమె సాయంత్రం ఓ దోసకాయో, గిన్నెడు పెసలో పట్టుకుని పోచయ్య వాకిట్లోకి వెళ్లి కూర్చునేది. ఆమె పోయాక ఆ దారి మూసుకుపోయింది. దినాలకు వచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. పోచయ్య బిడ్డ పెళ్లికి ఊరంతటికీ పిలుపు వెళ్లింది, ఈ రేకుల ఇంటికి తప్ప. ఆ సంగతి నాకు కొమురవ్వ అనే ఆమె చెప్పింది, పక్క ఊరి రైతు. ఆయన నోటితో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇక వచ్చేదెవరు? నేను. వచ్చానంటే ఆయనకు పండుగే. వాకిలి ఊడ్చి ఉంటుంది. తుండు మార్చి ఉంటాడు. నేను విత్తనం ఎక్కడిదని అడిగితే, ఆ విత్తనం బుచ్చవ్వ ఎవరి దగ్గర తెచ్చిందో, తెచ్చినరోజు ఎట్లా వాన పడిందో చెబుతాడు. పేడ ఏ ఆవుదని అడిగితే ఆ ఆవు తల్లి సంగతి, దాని తల్లి సంగతి కూడా వస్తాయి. మిగతా రైతులనైతే అడిగినదానికి జవాబు చెప్పు చాలు అంటాను. ఈయనను ఆపేదాన్ని కాదు. నాకూ తొందరగా వెళ్లి ఏలవలసిన రాజ్యమేమీ లేదు.

సంచి తప్పు చిన్నది. దిద్దుకోవడానికి గడువు ఇచ్చి, దిద్దుకున్నాడని చూసి ముగించాలి. గడువు కాగానే వెళ్లాను. సంచి లేదు. వాకిలి శుభ్రంగా ఉంది. పని అయిపోయిందనుకుని తిరిగి చూస్తే, ఆవుల కొట్టంలో గుంజకు తగిలించి మందు కొట్టే పంపు ఉంది. వీపుకు కట్టుకునే పాత పంపు, పట్టీ తెగింది.

"ఇదెవ్వలది?"

"నాదే మేడం."

"బుచ్చవ్వ ఉంటే నిన్ను ఏం జేస్తుండె?"

అలా అనడం తప్పే. కోపంలో అనేశాను. ఆయన తల దించుకుని, "ఆమె ఉంటే గిది ఇంట్లకు రాకపోవు," అన్నాడు.

మూత తీసి చూశాను. లోపల సాలెగూడు ఉంది. అది చూసైనా నాకు అనుమానం రావాలి. కానీ పంపు ఇంట్లో ఉంటే, వాడలేదని తేలేదాకా వాడినట్టే లెక్క అని ప్రమాణాల్లో ఉంది. రాశాను. సంచి కంటే పెద్ద తప్పు. ఆయన సంతకం పెట్టి, "మల్ల ఎప్పుడొస్తవ్?" అన్నాడు. గొంతులో ఏదో ఉత్సాహం వినిపించింది. ఆ ఉత్సాహం నాకు అర్థం కాక, స్కూటీ మీద వచ్చేటప్పుడు దారంతా ఆయన్ని తిట్టుకున్నాను.

ఆఫీసులో దామోదర్ సార్ రిపోర్టు చూసి పెదవి విరిచారు. ఆయన మా పైఅధికారి. రిటైర్మెంటు దగ్గర పడినవాడు. ఎవరి మీదా పగ లేదు గానీ పెట్రోలు బిల్లుల మీద ఉంది.

"రెండు తప్పులైనయ్ సింధూజా. ఇంకోటి దొరికితే రద్దు రాసి పడెయ్. అవునుగని, సంచి తీసేసిండా లేదా చూసేదానికి నువ్వు పోవుడెందుకు? ఫొటో పంపుమంటే పంపుతుండె గద."

"తొవ్వలనే ఉంది సార్."

"ఏ తొవ్వ? ఆ దినం నీకు తొగుట డ్యూటీ. తొగుట ఏడ, చిన్నకోడూరు ఏడ?"

ఫైలు మూసి నా సీటుకు వచ్చేశాను. నిజమే. ఫొటోతో అయ్యే పని. నేనెందుకు వెళ్లానో ఆ రోజు నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు బాగుండదని లోపల ఎక్కడో తెలుసు.

మూడోసారి వెళ్లేటప్పటికి కంది పూత మీద ఉంది. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. సిద్ధయ్య కాక నన్ను ఇంట్లోకి కాదు, నేరుగా గట్టు మీదికి తీసుకెళ్లాడు. అక్కడ, కాలికి తగిలేలా, గడ్డి మందు సీసా పడి ఉంది. ఖాళీది. మూత లేదు.

ఇది సంచి కాదు, పంపు కాదు. గడ్డి మందు కొట్టిన చేనుకు క్షమాపణ లేదు. ఇది రాస్తే సర్టిఫికెట్ రద్దు. మళ్లీ కావాలంటే మూడేళ్లు ఆగి, మొదటినుంచి మొదలు పెట్టాలి. అరవై ఏడేళ్ల మనిషి ఎక్కడ మొదలు పెడతాడు? బుచ్చవ్వతో కలిసి చేసినదంతా ఒక్క గీతతో పోతుంది.

"ఎవరు కొట్టిన్రు కాకా? పోచయ్య కొట్టిండా? సీసా ఇటు విసిరిండా? చెప్పు."

"పోచయ్యది ఏం లేదు. నేనే కొట్టిన."

"ఎక్కడ?"

"గీ గట్టుకు."

గట్టు వైపు చూశాను. గరిక మోకాలెత్తు ఉంది. తుంగ ఉంది. వయ్యారిభామ తెల్లగా పూసి ఉంది. గడ్డి మందు పడితే నాలుగు రోజుల్లో పసుపెక్కి మాడిపోయే గడ్డి, కళకళలాడుతోంది. ఆవును కట్టేస్తే కడుపునిండా మేస్తుంది.

"గిది మందు కొట్టిన గట్టా?" అని అరిచాను. "నన్ను ఎడ్డిదాన్ననుకుంటున్నవా? ఈ సీసా ఏడ దొరికింది నీకు?"

ఆయన గరికను కాలితో అటూ ఇటూ నెట్టాడు.

"ఏడ దొరికింది?"

"కాలువ కాడ. ఎవలో పారేసిన్రు."

"పంపు?"

"పాత సామాన్లోని దగ్గర కొన్న. ఉల్లిగడ్డలు ఇచ్చిన."

"సంచి?"

"అది గూడ ఆని దగ్గరనే."

"ఎందుకు కాకా? ఏం దయ్యం పట్టింది నీకు?"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చెమట లేదు, ఊరికే తుడుచుకున్నాడు.

"సంచి ఆరేస్తే వచ్చినవ్ గద మేడం. పంపు పెడితే మల్ల వచ్చినవ్. ఏం లేకుంటే మూడేండ్లదాక రానంటివి."

కాసేపు ఆయన ఏమన్నాడో నాకు అందలేదు. అందాక, కోపం ఎటు పోయిందో తెలియదు. అయినా నోరు ఊరుకోలేదు.

"సర్టిఫికెట్ పోతది. తెలుసా నీకు? రద్దు చేస్తరు."

"చేయనీ. రద్దయినోళ్ల కాడికి ఇంకా ఎక్కువ వస్తరు గద. దొంగల ఇండ్లకు పోలీసోళ్లు ఊకె వచ్చినట్టు."

ఆయన అంత అమాయకంగా, అంత లెక్కగా ఆలోచించి పెట్టుకున్నాడు. ఆ లెక్క తప్పని చెప్పాల్సింది నేనే.

"రద్దయితే అసలే రాం కాకా. నీ పేరు మా దగ్గర ఉండది. నువ్వు మా రైతువే కావు. ఇగ మేమెందుకొస్తం?"

సిద్ధయ్య కాక గట్టు మీద కూర్చుండిపోయాడు. సీసా చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

"మంచిగుంటే?"

"మూడేండ్లదాక రాం."

"మంచిగున్నా రారు. చెడిపోయినా రారు." నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో నింద లేదు, నిజంగా తెలుసుకుందామనే ఉంది. "మరెట్లుంటే వస్తరు మేడం?"

పోచయ్య చేనువైపు నుంచి ట్రాక్టరు చప్పుడు వస్తోంది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, నవ్వుతున్నారు. ఆ పిలుపులు రోజూ ఈయనకు వినబడతాయి కాబోలు. ఒక్కటీ ఈయన కోసం కాదు.

"గా సంచిదొక్కటి ఉంచు," అన్నాడు మెల్లగా. "పంపు, సీసా కొట్టెయ్. చిన్న తప్పే గద. దిద్దుకున్ననో లేదో చూసెతందుకన్న ఏడాదికోసారి వస్తవ్."

దాపరికం ఎందుకు, రాయాలనిపించింది. చిన్న తప్పు రాస్తే ఎవరికీ నష్టం లేదు. సర్టిఫికెట్ ఉంటుంది, లిస్టులో పేరు ఉండదు, నేను వస్తూ ఉంటాను. ఆయన మీద జాలితో అనిపించింది కాదు. ఫొటోతో అయ్యేదానికి తొగుట డ్యూటీ ఎగ్గొట్టి వచ్చింది నేను. సాలెగూడు చూసీ చూడనట్టు పంపు మీద తప్పు రాసి, మళ్లీ రావడానికి దారి పెట్టుకుంది నేను. నా గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు. ఈ గట్టు మీద నిల్చుని ఓ ఆవు తల్లి ముచ్చట వినడం కంటే మంచి గంట నాకు ఆ ఏడాదిలో ఇంకొకటి లేదు. నాకు ఆయన కావాలి. అలా కావాలనుకుని, తప్పు చెయ్యని మనిషి పేరు పక్కన తప్పు రాస్తే, నా అంత సిగ్గులేనిది ఇంకొకతె ఉండదు.

"రాయ కాకా," అన్నాను. "నువ్వు తప్పు చెయ్యలే. చెయ్యనిది చేసినట్టు నేను రాయ."

గట్టు మీదే కూర్చుని రిపోర్టు రాశాను. సంచిలో గింజ పోయలేదు. పంపు ఈ చేనులో వాడలేదు, లోపల సాలెగూడు ఉంది. సీసా బయటినుంచి వచ్చింది, గట్టు మీద గడ్డి పచ్చగా ఉంది. ఉల్లంఘన లేదు, ముందు రాసిన రెండు తప్పులూ కొట్టివేయాలి. ఫొటోలు తీశాను. రాసింది చదివి వినిపించాను. ఆయన సంతకం పెట్టాడు. ఈసారి మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు. జవాబు తెలుసు కదా. స్కూటీ దాకా వచ్చి, "పైలం మేడం, రోడ్డు మీద కంకర పోసిన్రు," అన్నాడు.

దామోదర్ సార్ రిపోర్టు చదివి అద్దాలు తీశారు. "ఈ ముసలాయన సీసా తెచ్చి పెట్టుకునుడేంది? మెదడు ఖరాబయిందా?"

"మెదడు మంచిగనే ఉంది సార్."

"సరే, లిస్టుల పెట్టేస్తున్న. ఇగ మూడేండ్లు ఆ ఊరి పని లేదు నీకు."

"మూడేండ్ల తర్వాత గూడ నాకు వద్దు సార్. ఆ ఫైలు సంగీతకు రాయండి."

సంగీత నా పక్క సీటు. సార్ కళ్లు చిట్లించారు. బంధువుల చేన్లు, దగ్గరివాళ్ల చేన్లు మేం తనిఖీ చేయకూడదు. అలాంటివాళ్లుంటే ముందే చెప్పి తప్పుకోవాలి. అది కూడా నియమమే.

"నీకు చుట్టాలా ఏంది?"

"అవును సార్."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"మొన్ననే అయిన్రు," అన్నాను. సార్ ఏమనుకున్నారో గానీ సంతకం పెట్టేశారు.

ఆదివారం వెళ్లాను. ఐడీ కార్డు లేదు, ఫైలు లేదు, రిపోర్టు ప్యాడు లేదు. చేతులు ఊరికే ఉంటే ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. సిద్దిపేటలో అరటిపళ్లు కొన్నాను, సగం దారిలో ఇది మరీ పరామర్శకు వెళ్లినట్టుందనిపించి నవ్వొచ్చింది.

దూరంనుంచి స్కూటీ చూసి సిద్ధయ్య కాక లోపలికి ఉరికాడు. నేను వెళ్లేసరికి కాగితాల సంచి, పెసల గోనెలు, ఎరువు గుంత మీద కప్పిన తాటాకులు, అన్నీ తీసి పెట్టి ఉన్నాయి. మొహంలో భయం ఉంది.

"ఏం దొరికింది మేడం మల్ల? నేనేం పెట్టలే ఈసారి. బుచ్చవ్వ మీద ఒట్టు."

"ఏం దొరకలే. ఊకనే వచ్చిన."

"ఊకనే?"

"ఆ. ఊకనే."

నమ్మలేదు. ఎందుకైనా మంచిదని చేనంతా తిప్పి చూపించాడు. కంది చూపించాడు, ఎరువు గుంత చూపించాడు. చూశాను. అడగడానికి నా దగ్గర ప్రశ్నలు లేవు. విత్తనం ఎక్కడిది, పేడ ఎక్కడిది, అన్నీ నాకు తెలుసు, నాలుగేళ్లుగా అడిగినవే. అడగందే ముచ్చట మొదలు పెట్టడం ఆయనకు అలవాటు లేదు. వాకిట్లో మంచం మీద ఆ కొస ఆయన, ఈ కొస నేను. మధ్యలో అరటిపళ్లు. ఇంత దూరం వచ్చి ఇదా అనిపించింది. ఆఫీసు పనితో వచ్చినప్పుడే నయం, మాటలుండేవి. ఇక లేద్దామని చెప్పులు వెతుక్కున్నాను.

"బిడ్డా," అన్నాడు.

నాలుగేళ్లలో మేడం తప్ప ఇంకో మాట అనలేదు ఆయన.

"నీకెవరున్నరు?"

నేను మళ్లీ కూర్చున్నాను. ఊరు ఊరు తిరిగి, ఇంటింటికీ వెళ్లి, కుటుంబంలో ఎందరున్నారని వేలమందిని అడిగాను. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఎక్కడ మొదలు పెట్టాలో కూడా నాకు తెలియలేదు.

"అవ్వ ఉండె. కరోనాల పోయింది. నాయిన నా చిన్నప్పుడే పోయిండు. తమ్ముడు భీవండిల బట్ట నేసే సాంచాల కాడ ఉంటడు. దసరాకు ఫోను చేస్తడు."

"పెండ్లి?"

"అయింది. కలిసి ఉండుడు కాలే. ఎవలి తొవ్వ వాళ్లది."

ఆయన అయ్యో అనలేదు. ఇంకా ఏముందో అన్నట్టు చూశాడు. చెప్పాను. మా అవ్వ బీడీలు చేసి నన్ను చదివించిన సంగతి చెప్పాను. ఆఖరున దవాఖానలో అద్దం ఇవతల నిల్చుని చూడటమే తప్ప చెయ్యి పట్టుకోలేకపోయానని చెప్పాను. ఇంటామె మోటరు గొడవ కూడా చెప్పాను. ఆయన ఎక్కడా ఆపలేదు.

"గిన్నేండ్ల సంది వస్తున్నవ్. ఒక్కనాడు చెప్పకపోతివి," అన్నాడు చివరికి.

"నువ్వడగలే కాకా."

"అడిగేటిది నువ్వాయె. నేనెట్ల అడుగుత?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన అరటిపండు ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టి, ఇంకో ప్రశ్న అడిగాడు.

"అన్నం ఒక్కదానివే తింటవా?"

"ఒక్కదాన్నే."

"నేను గూడ," అన్నాడు.